సున్నా చుట్టిన ఇల్లు

ఆ రోజుల్లో మా ఊళ్ళో అసూయపడడానికి పైసా ఖర్చుండేది కాదు. ఇప్పటిలా ఫోను తెరిచి, ఎవరు ఏ సముద్రం ఒడ్డున నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నిలబడ్డారో చూసి కుళ్ళుకోవలసిన అవసరం లేదు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుంటే చాలు, కుళ్ళుకోవడానికి కావలసిన సరుకంతా మన ముందునుంచే నడిచి వెళ్ళేది. నా మటుకు నాకు ఆ సరుకు ఆటోలో వచ్చేది, ఖాకీ చొక్కా వేసుకుని, ఈల వేసుకుంటూ. దాని సంగతే చెప్పబోతున్నాను. కాని ముందుగా ఒక ఒప్పుకోలు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చిన్నప్పుడు పెరట్లోకి పిల్లి వస్తే పులి వచ్చిందని వీధంతా చెప్పేవాణ్ణట (పెళ్ళయ్యాక పులి ఎదురుగా నిలబడ్డా పిల్లే అని చెప్పుకోవడం నేర్చుకున్నాను, అది వేరే సంగతి). నా మొదటి ఉద్యోగం కొబ్బరి కొట్లో. అక్కడ ఎండుకొబ్బరి తూచాక తేమకింత, దుమ్ముకింత అని కొంత కొట్టేసి మిగిలిందే సరుకుగా రాసుకుంటారు. దాన్ని తరుగు అంటారు. నేను ఎవరికైనా ఏదైనా చెప్పడం మొదలుపెట్టగానే మా ఆవిడ వాళ్ళ చెవి దగ్గర వంగి, "తరుగు తీసుకుని వినండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోతుంది. మీరూ అలాగే చదువుకోండి. ఇందులో ఏది పూర్తిగా కల్పించానో ఆఖర్న నేనే చెప్పేస్తాను.

మా ఊరు అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే దారిలో కాలవ గట్టుకి ఆనుకుని ఉంటుంది. అప్పటికి నేను ఎం.కాం. చదివి, ఆ చదువంతా కొబ్బరికాయలు లెక్కపెట్టడానికి ఉపయోగిస్తున్నాను. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు. అరెకరం కొబ్బరితోట, అమ్మ, నేను, నా మోటారు సైకిలు. ఈ మోటారు సైకిలు గురించి చెప్పాలి. మా మేనత్త కొడుక్కి ఆటో ఉంది కనుక నాకు మోటారు సైకిలు ఉండి తీరాలని పట్టుబట్టి, వాయిదాల మీద తెచ్చుకున్నాను. అది నా జీతాన్ని పెట్రోలులో కలుపుకుని తాగేది. ఆటో అంటే మళ్ళీ వాడి సొంతం కూడా కాదు, గ్యాసు కంపెనీ వాళ్ళది. అసూయకి అంత వివరం అక్కరలేదు.

ఆ మేనత్త కొడుకే మా సిలిండర్ బావ. నాకంటే పదకొండు రోజులు పెద్ద. పదో తరగతి లెక్కల పేపరుతో మూడుసార్లు కుస్తీ పట్టి, మూడుసార్లూ ఓడిపోయి, గ్యాసు బండలు మోసే పనిలో చేరాడు. పక్కన తాటిపాకలో భూమి లోపల్నుంచే గ్యాసు తీస్తారు, కాని ఆ గ్యాసు మా ఊరి వంటిళ్ళలోకి రావాలంటే మాత్రం బావ భుజం ఉండాలి. నిండు బండని భుజం మీద పెట్టుకుని, రెండో చేత్తో ఇంకో బండని దొర్లించుకుంటూ, పళ్ళ మధ్య రసీదు పుస్తకం పట్టుకుని మేడలెక్కేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళంతా వాడికి పిన్నులూ అత్తలూ అమ్మమ్మలూ. నేను పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి మీద వెళ్తుంటే దారివ్వని వాళ్ళు, వాడి ఆటో హారను వినగానే చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేవారు. అన్నిటికంటే ఎక్కువ మండేది మా ఇంట్లో. మా అమ్మ నాకిచ్చే కాఫీ కాఫీలాగే ఉండేది. బావకిచ్చే కాఫీ మీద మాత్రం నురగ ఎంతుండేదంటే, వాడు ఒక గుక్క తాగి తలెత్తితే మూతికి తెల్లగడ్డం మొలిచేది. "ఎండలో తిరిగొచ్చేడు రా" అనేది అమ్మ. నేను కొబ్బరి కొట్లో ఫ్యాను కింద కూర్చోవడం నా తప్పన్నట్టు.

ఆ కాఫీకి కొన్నాళ్ళుగా పొగవాసన వస్తోందని కూడా నేను కనిపెట్టాను. పెరట్లో ఇటికల పొయ్యి పెట్టి, కొబ్బరి డొక్కలతో వండుతోంది అమ్మ. ఎందుకే అని అడిగితే, "పొయ్యి మీద వంట రుచే వేరు రా. నీకు తెలీదు గాని మీ నాన్నకి అదే ఇష్టం" అంది. నేనది పట్టుకుని కొబ్బరి కొట్టుకి వచ్చిన ప్రతి రైతుకీ చెప్పాను. ఊళ్ళో అందరూ గ్యాసు వంట తిని నీరసపడిపోతుంటే మా ఇంట్లో మాత్రం పాతకాలపు పొయ్యి కూరలని, వంకాయ అయితే నోట్లో పెట్టకముందే కరిగిపోతుందని. ఇద్దరు ముగ్గురు నన్ను చూసి ఈర్ష్యపడ్డారు కూడా. ఆ ఆనందం నేను చాలా రోజులు దాచుకుని వాడుకున్నాను.

ఇక అసలు సంగతి. మా ఊరి చర్చికి వెళ్ళే ఇళ్ళలో ఒక పాత ఆచారం ఉంది. అన్నానికి బియ్యం కొలిచాక, అందులోంచి పిడికెడు వెనక్కి తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలాఖరుకి డబ్బాలన్నీ చర్చి వెనక గదిలో గుమ్మరిస్తే, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ళకి అవి వెళతాయి. రిటైరైన లెక్కల మేడం గారు ఈ ఆచారాన్ని ఊరందరికీ అంటించారు. ఊళ్ళో సగం చెవులు ఆవిడ మెలిపెట్టినవే, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. "గుప్పిటకి కులమేంటి, మతమేంటి. వండుకునే ప్రతివాళ్ళూ తియ్యండి" అన్నారు. గుడికెళ్ళే మా అమ్మ కూడా పాత పాలడబ్బా ఒకటి పెట్టి, పూట తప్పకుండా వేసేది. చిక్కేమిటంటే, సన్నబియ్యం, లావుబియ్యం, కొత్తబియ్యం, పాతబియ్యం అన్నీ ఆ గదిలో కలిసిపోతాయి. వండితే సగం గంజిలా అయిపోయి, సగం పలుకు పట్టి ఉంటుంది. ఒకే ముద్దలో రెండు రకాల అన్నం తినడం ప్రపంచంలో మా ఊళ్ళోనే సాధ్యం.

ఆ ఏడాది కొబ్బరికి నల్లి తెగులు వచ్చి కాయ గోలీకాయంత అయింది (సరే, నిమ్మకాయంత). రొయ్యలకి తెల్లమచ్చ వచ్చి చెరువులు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. అందుకని క్రిస్మస్‌కి మామూలు కంటే పెద్ద ఎత్తున సాయం చెయ్యాలని మేడం గారూ, పాస్టరు గారూ కమిటీ వేశారు. బియ్యంతో పాటు కందిపప్పు, నూనె, బెల్లం, సేమ్యా, ఒక కేకు ముక్క. పండగ ముందురోజు సాయంత్రం క్రిస్మస్ తాత వేషంలో ఒకరు ఇంటింటికీ తీసుకెళ్ళి ఇవ్వాలి. నాటకాల వాళ్ళ దగ్గర పాత తెర కొని, దర్జీ తాతగారి చేత ఎర్ర వెల్వెట్ కోటూ ఫ్యాంటూ కుట్టించారు. దాన్ని చూశాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆ కోటు వేసుకుని నేను నడుస్తూంటే జనం గుమ్మాల్లోకి రావడం, మా అమ్మ గేటు దగ్గర నిలబడి నన్ను చూడడం, ఆ తరవాత నా కాఫీ మీద నురగ పెరగడం, అన్నీ కళ్ళకి కట్టాయి. మేడం గారు కమిటీలో చెప్పేశారు: "సాయం అవసరమైన ఇళ్ళ లెక్క ఎవరు సరిగ్గా పట్టుకొస్తారో వాళ్ళే తాత." నేను వెంటనే లేచి, ఎం.కాం. చదివినవాణ్ణి కనుక శాస్త్రీయంగా సర్వే చేస్తానన్నాను. బావ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. వాడికి కుర్చీ ఇచ్చినా కూర్చునేవాడు కాదు, చొక్కాకి మట్టి ఉంటుందని.

పధ్నాలుగు గడులున్న ఫారం ఒకటి తయారుచేసి, కొత్త పెన్ను జేబులో పెట్టుకుని బయల్దేరాను. మొదట రొయ్యల పిన్నిగారి ఇల్లు. వాళ్ళ చెరువు పోయిన సంగతి ఊరందరికీ తెలుసు.

"పిన్నిగారూ, పండగకి మీ ఇంట్లో ఏమన్నా ఇబ్బందుందాండి?"

"ఇబ్బందా? మాకేం ఇబ్బందండి. ముందు కూర్చోండి, టీ తాగుదురుగాని."

"చెరువు దెబ్బతిందన్నారు."

"ఆయ్, తిందండి. చెరువన్నాక ఒకేడు తింటది, ఒకేడు పెడతది. మాకెందుకండి ఇయ్యన్నీ. మీ పుణ్యం ఉంటది, ఆ పక్కింటి దర్జీ తాతగారికి రాసుకోండి. కళ్ళు ఆనట్లేదు పాపం ఆయనకి."

దర్జీ తాతగారి ఇంటికి వెళ్ళాను. ఆయన నన్ను ఒక గుండ్రటి స్టూలు మీద కూర్చోబెట్టి, మళ్ళీ టీ తెప్పించారు. "నాకేం తక్కువ బాబూ. మీ క్రిస్మస్ తాత కోటే నేను కుట్టేను కదా. కోటు కుట్టినోడికి సాయం కావాలంటావేంటి. ఆ ఎదురుగా పడవోళ్ళు ఉన్నారు చూడు, ఇంజను పాడై రెండు నెల్లైంది. ఆళ్ళకి రాసుకో." పడవ వాళ్ళింట్లో మూడో టీ. "మాకేంటండీ, వల ఉంది, కాళ్ళూ చేతులూ ఉన్నాయి. పాపం ఆ రొయ్యల పిన్నిగారికి రాయండి. పైకి చెప్పుకోదావిడ."

ఇలా ఊరంతా తిరిగాను. ప్రతి ఇంట్లోనూ అదే మర్యాద, అదే మాట: మాకెందుకండీ, పక్కింటి వాళ్ళకి రాసుకోండి. నాలుగు రోజుల్లో నాలుగు వందల టీలు తాగాను (పదిహేను అనుకోండి). ఆఖరికి మా ఇల్లే మిగిలింది. ఫారం పూర్తిగా ఉండాలి కదా అని వేళాకోళంగానే పెరట్లోకి వెళ్ళి అడిగాను. అమ్మ పొయ్యి దగ్గర గొట్టంతో ఊదుతోంది.

"అమ్మా, పండగకి మనకేమన్నా లోటా?"

అమ్మ పొగలోంచి తల తిప్పి కళ్ళు తుడుచుకుంది. "మనకేం లోటు రా. మనకెందుకు, పక్కింటోళ్ళకి రాసుకో."

"ఆయ్, అలా అయితే ఊరు మొత్తం అయిపోయింది" అని నవ్వుకుంటూ మా ఇంటి గడిలో అడ్డగీత కొట్టేశాను.

కమిటీలో లేచి నిలబడి, గొంతు సవరించుకుని, సర్వే ప్రకారం మన ఊళ్ళో సాయం అవసరమైన ఇల్లు ఒక్కటి కూడా లేదని ప్రకటించాను. మేడం గారు కళ్ళజోడు తీసి నా వంక చూశారు. పదమూడేళ్ళ క్రితం నా ఎడమ చెవికి తెలిసిన చూపు అది.

"అయితే గదిలో బియ్యం ఏం చేద్దాం నాయనా? పై దేశాలకి ఎగుమతి చేద్దామా?"

అందరూ నవ్వారు. పాస్టరు గారు నవ్వలేదు గాని దగ్గారు, అది ఇంకా బాధించింది. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి బావ గొంతు వినిపించింది.

"ఆయ్, నేనో మాట చెప్పొచ్చాండి?"

చెప్పాడు. జేబులోంచి నలిగిన రసీదు ఒకటి తీసి, దాని వెనక పెన్సిలుతో రాసుకున్నది చూసుకుంటూ చెప్పాడు. "రొయ్యల పిన్నిగారు నెలా పదిహేను రోజులకో బండ తీసుకునేవారండి. దసరా ముందర తీసుకున్నారు, మళ్ళీ పిలవలేదు. పడవోళ్ళు వినాయక చవితికి ఆఖరు. దర్జీ తాతగారైతే ఖాళీ బండ మీద చెక్కేసి గుడ్డ కప్పేసేరండి, స్టూలు కింద వాడుకుంటున్నారు." (నేను ఆ స్టూలు మీదే కూర్చుని ఆయనకి అవసరం లేదని రాసుకున్నాను.) "అడిగితే ఎవరూ చెప్పరండి మనోళ్ళు. బండే చెప్తది."

నా పధ్నాలుగు గడుల ఫారం నా చేతిలోనే వేడెక్కిపోయింది. మేడం గారు మాత్రం ఒక సందేహం పట్టుకున్నారు. "అడిగితేనే వద్దనేవాళ్ళు ఇస్తే పుచ్చుకుంటారా?" దానికీ బావ దగ్గర జవాబుంది. "ఇస్తే తీసుకోరండి. ముందు మనమే అడగాలి. తాత వెళ్ళి, పిడికెడు బియ్యం పెట్టండమ్మా అనాలి. ఎంత లేనోళ్ళయినా పిడికెడు పెడతారు. పెట్టేక, ఇది మీకు పండగ కానుక అని మన సంచీ ఇస్తే ఇంక వద్దనలేరండి." పదో తరగతి లెక్కలు మూడుసార్లు తప్పినవాడు, అదే లెక్కల మేడం గారి చేత "శభాష్ రా" అనిపించుకోవడం నేను ఈ చెవులతో విన్నాను. కోటు బావకి ఖాయమైంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదని రాయాలని ఉంది గాని, రెండుసార్లు వడ్డించుకుని కోపంగా తిన్నాను.

రసీదు వెనక రాసిన పేర్లు తెల్లకాగితం మీద అందంగా రాసే పని నాకిచ్చారు. ఓడిపోయినవాడికి ఇచ్చే పని. రాస్తూ రాస్తూ ఆఖరి వరస దగ్గర ఆగిపోయాను. అక్కడ పేరు లేదు. ఒక సున్నా చుట్టి ఉంది, అంతే. నా గుండె లేచి నిలబడింది. దొరికాడు. అన్ని ఇళ్ళ పేర్లూ రాసినవాడు ఒక ఇంటి పేరు దాచాడంటే ఏమనుకోవాలి? ఆ సంచీ తన సొంతింటికే పట్టుకెళ్తున్నాడు. ఇన్నాళ్ళూ నురగ కాఫీలు తాగిన మంచివాడి అసలు రంగు ఇదన్నమాట. పండగ ముందురోజు మధ్యాహ్నం, సంచీలన్నీ కట్టి ఆటోలోకి ఎక్కిస్తుండగా, మేడం గారూ పాస్టరు గారూ ఉండేలా చూసుకుని, కాగితం పైకెత్తి అడిగాను.

"బావా, ఈ సున్నా ఎవరిల్లు?"

వాడు సంచీ దించి నా వంక చూశాడు. "తెలిసినోళ్ళదే బావా. వదిలెయ్." (మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. పదకొండు రోజుల పెద్దరికం నేను ఒప్పుకోలేదు.)

"వదిలెయ్యడమేంటి? అందరికీ పేరుండి, దానికి లేకపోవడమేంటి? ఎవరిదో తెలియాలి కదా."

"తెలుస్తుందిలే. సాయంత్రం నాతో రా."

"ఇప్పుడే చెప్పు. లేదంటే మేడం గారే అడుగుతారు."

మేడం గారు అడగలేదు. ఆవిడ బావ ముఖంలోకి చూసి, నా ముఖంలోకి చూసి, సంచీల మూతులు కట్టుకోవడంలో పడిపోయారు. బావ ఒక్క క్షణం ఆలోచించి, ఆటోలోంచి ఎర్రకోటు తీసి నా చేతుల్లో పెట్టాడు. "ఇదిగో, ఇది నువ్వేసుకో. తాతవి నువ్వే. నేను ఆటో తోల్తాను. ఆఖరి ఇంటిదాకా వచ్చేక అప్పుడడుగు." పాపం భయపడి లంచం ఇస్తున్నాడనుకున్నాను. తీసుకున్నాను.

ఆ సాయంత్రం నేను క్రిస్మస్ తాతనయ్యాను. కోటు నాకు రెండు సైజులు పెద్దది, లోపల దిండు కట్టారు. గడ్డానికి దూది పనసబంకతో అతికించారు, అది నా చర్మం మీద ఇప్పటికీ కొంత ఉండిపోయిందని నా నమ్మకం. ఊరికుక్కలు ఒక యాభై దాకా వెంటపడ్డాయి. కాని బావ చెప్పినట్టే జరిగింది. రొయ్యల పిన్నిగారు, "ఇదుగో తాతగారండీ" అని చేట నిండా బియ్యం తెచ్చి పోశారు, ఆ తరవాత సంచీ వద్దనకుండా అందుకున్నారు. దర్జీ తాతగారు నా భుజాలు తడిమి, "కుట్టు సరిగానే పడింది" అన్నారు. పడవ వాళ్ళ పిల్లలు నా గడ్డం పీకారు. జనం గుమ్మాల్లోకి వచ్చారు, నేను కలగన్నట్టే. ఒక్కో ఇల్లూ దాటుతున్నకొద్దీ ఆ సున్నా ఇల్లు ఎప్పుడొస్తుందా, బావని ఎప్పుడు పట్టుకుందామా అనే నా ధ్యాస.

దీపాలు పెట్టే వేళకి ఒకే సంచీ మిగిలింది. ఆటో మా వీధిలోకి తిరిగింది. మా సందు మొదట్లో బావ ఇంజను ఆపేశాడు.

"ఇక్కడ ఆపేవేంటి?"

"సున్నా ఇదే బావా."

"ఏది?"

వాడు గడ్డం పైకెత్తి చూపించాడు. మా ఇంటి వెనకనుంచి కొబ్బరి డొక్కల పొగ సన్నగా లేస్తోంది. "అత్త బండ తీసుకుని ఎనిమిది నెల్లైంది. మావిడికాయల రోజుల్లో తీసుకుంది, ఊరగాయ పెట్టేప్పుడు. ఇద్దామంటే వద్దంటది. మా వాడికి బండి వాయిదాలున్నాయి అల్లుడూ, ఆడి ముఖం చిన్నబోతది, ఆడికి చెప్పకు అంటది. అందుకే పేరు రాయలేదు. కమిటీలో చదివితే ఎలా ఉంటదో నాకు తెలుసు."

ఊరందరికీ చాటిన పొయ్యి కూరలు గుర్తొచ్చాయి. పొగలోంచి తల తిప్పి కళ్ళు తుడుచుకున్న అమ్మ గుర్తొచ్చింది. నేను అడ్డగీత కొట్టిన గడి గుర్తొచ్చింది. ఊళ్ళో ప్రతి ఇల్లూ చెప్పిన మాటే అమ్మా చెప్పింది, అక్షరం తేడా లేకుండా. అన్ని ఇళ్ళలోనూ విన్నవాణ్ణి, నా ఇంట్లో విని నవ్వాను.

సంచీ భుజాన వేసుకుని గేటు తీసుకుని వెళ్ళాను. గొంతు మార్చి, "పిడికెడు బియ్యం పెట్టండమ్మా" అన్నాను. అమ్మ వీధిలైటు వెలుగులో నన్ను చూసి, చెంగు సర్దుకుని, లోపలికెళ్ళి పాలడబ్బా తెచ్చింది. దాన్ని నా బియ్యం జోలెలోకి బోర్లించి, అడుగున తట్టింది. పట్టుమని పిడికెడు కూడా రాలేదు. "ఇయ్యాళ్టికి ఇదేనండి తాతగారూ" అంది. నేను సంచీ కింద పెట్టి, ఇది మీకు పండగ కానుకమ్మా అన్నాను. తీసుకుంది. తీసుకుని, "మా అబ్బాయికి చెప్పకండి. మంచోడండి మా వాడు. బండి మోజు, అంతే. నాలుగు రోజులు పోతే ఆడే చూసుకుంటాడు" అంది. అని, చెయ్యి చాచి నా దూది గడ్డం మీద పెట్టి ఒక్కసారి నిమిరింది. నా కళ్ళనీళ్ళకి పనసబంక కరిగిపోయి, గడ్డం ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

పండగ రోజు మధ్యాహ్నం అన్నం సగం గంజిలా, సగం పలుకుగా ఉంది. "కొత్త బియ్యం రా, అలాగే ఉంటది" అంది అమ్మ. "ఆయ్, బాగుంది" అన్నాను. సంక్రాంతి లోపల మోటారు సైకిలు ఒక చేపల వ్యాపారికి ఇచ్చేశాను. అతను దానికి రెండు పక్కలా బుట్టలు కట్టి పదేళ్ళు నా ముందునుంచే తిరిగాడు. బావ నిండు బండ మోసుకొచ్చి మా వంటింట్లో దించినప్పుడు అమ్మ కాఫీ ఇచ్చింది. ఇద్దరికీ ఇచ్చింది. నేను వంగి రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి చూశాను. వాడి నురగే ఎక్కువ.

ఇంక మాటిచ్చాను కదా, తరుగు సంగతి. కుక్కలు యాభై కావు, మూడు. టీల లెక్క ముందే సరిచేశాను. అవి చిల్లర. అసలు కల్పించింది ఒకటుంది. ఆ ఆఖరి ఇంటికి వెళ్ళిన తాతని నేను కాను. సందు మొదట్లో సంగతంతా చెప్పాక నేను సంచీ ఎత్తుకోబోతే బావ ఆపాడు. "నువ్వెళ్తే అత్త నీ గొంతు గుర్తుపట్టేస్తది బావా. నీ చేతిమీదుగా పుచ్చుకుంటే ఇంక నీ ముందు తలెత్తలేకపోతది. ఆ కోటు ఇలా తే" అన్నాడు. కోటూ, గడ్డమూ ఊడదీసి ఇచ్చాను. ఫ్యాంటు మార్చుకునే చోటు లేదు. అంచేత పైన తాతా, కింద గ్యాసు కంపెనీ ఖాకీ ఫ్యాంటుతో బావ గేటు తీసుకుని వెళ్ళాడు. నేను కింద ఎర్ర వెల్వెట్, పైన బనీనుతో, గేటు పక్కన ఎండబోసిన కొబ్బరి డొక్కల గుట్ట వెనక డిసెంబరు చలిలో నక్కి నిలబడ్డాను. పాలడబ్బా అడుగు తట్టిన చప్పుడు అక్కణ్ణుంచే విన్నాను. అమ్మ తాతగారూ అనలేదు. "ఫ్యాంటు మార్చుకోడం మర్చిపోయేవు అల్లుడూ" అంది. తక్కిన మాటలన్నీ, అండీలు తీసేస్తే, ఉన్నవున్నట్టే రాశాను, వాడితో అన్నవి. ఆ చెయ్యి కూడా వాడి గడ్డం మీదే పెట్టింది. బంక కరిగింది, గడ్డం ఊడింది అన్నది నా పైత్యం. వాడి గడ్డం గట్టిగానే ఉంది.

ఇప్పటికీ ప్రతి డిసెంబర్లోనూ పిడికెడు బియ్యం పోగవుతూనే ఉంది. బావకి నడుం పట్టేసి బండలు మోయడం మానేశాడు, జుట్టు తెల్లబడింది, గడ్డం అతికించుకోవలసిన పని కూడా లేదిప్పుడు. ప్రతి ఏడూ కోటు నా ముందు పెట్టి, "ఈసారి నువ్వేసుకో బావా" అంటాడు. వెల్వెట్ దురద పుడుతుందని తప్పించుకుంటాను. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఈ సంగతి ఎవరికి చెప్పినా ఆ ఆఖరి గుమ్మంలోకి కోటు వేసుకుని నేనే వెళ్తుంటాను, గొట్టాంకాళ్ళ ఎర్ర ఫ్యాంటుతో బనీను మీద వణుకుతూ నిలబడ్డ ఆ ఇరవయ్యారేళ్ళ వెధవని గుట్ట వెనకే వదిలేసి. బావ ఎదురుగా కూర్చుని వింటాడు, ఒక్కసారి కూడా కాదనలేదు. ఆ చెయ్యి నిమిరింది నన్నేనని చెప్పుకోవడం అబద్ధమే. దాని మీద మాత్రం తరుగు తియ్యకండి.